తిరస్కార పత్రము తీర్పు కాదు

రోగము మనిషిని పీడించును. రోగము నయమైన పిమ్మట వచ్చు కాగితములు కుటుంబమునంతటిని పీడించును. ఆ కాగితములు సాధారణముగా రెండు. ఒకటి దవాఖానావారు ఇచ్చు బిల్లు; రెండవది బీమా సంస్థవారు పంపు తిరస్కార పత్రము. మొదటి దానిలో అంకెలుండును. రెండవ దానిలో పాలసీలోని ఏదో ఒక నిబంధన సంఖ్యయు, దాని వెంట రెండు మూడు ఆంగ్ల వాక్యములును ఉండును. ఈ రెండింటిని చేతబట్టుకొని నల్లగొండ రైతైనను, పాలమూరు కూలియైనను, చిన్న జీతపు గుమాస్తాయైనను చేయు పని ఒక్కటే: మారు మాటాడక అప్పు తెచ్చి కట్టుట. బీమావారు కాదన్నారు గనుక ఇక చేయదగినది లేదని అందరును నమ్ముచున్నారు.

ఈ నమ్మకము తప్పు. బీమా సంస్థ ఆ వ్యవహారములో ఒక కక్షిదారు మాత్రమే, న్యాయాధిపతి కాదు. చెల్లింపవలసిన వాడు తాను చెల్లింపనక్కరలేదని అనుటలో వింత లేదు. రావలసిన వాడు ఆ మాటనే తీర్పుగా భావించి ఇంటికి పోవుటయే వింత.

ఈ అలవాటు నిన్న మొన్న పుట్టినది కాదు. నిజాం కాలములో ఈ మెట్ట సీమల రైతు షావుకారు చిట్టాలో వేలిముద్ర వేసినాడే కాని, అందులో వ్రాసినది చదివి యెరుగడు. ముద్ర అతనిది, వ్రాత మరియొకరిది. అసలెంత, మిత్తి యెంత, తీరినదెంత అని అడుగుట ధిక్కారముగా ఎంచబడుచుండెను. వెట్టిచాకిరి సంగతియు ఇట్టిదే. వెట్టిని అరికట్టుచు ప్రభుత్వము ఉత్తర్వులు చేయకపోలేదు. కాని అవి దఫ్తరములలో ఉన్నవి. ఎవరికొరకు చేసినారో వారి చెవిని పడలేదు. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్ర జనసంఘము ఈ లోపమును కనిపెట్టినది. వర్తకుల స్వాతంత్ర్యమును, వెట్టిని గూర్చిన ప్రభుత్వ నిబంధనలను తెలుగులో చిన్న పుస్తకములుగా అచ్చువేయించి పంచినది. ఆ పుస్తకములు క్రొత్త హక్కునొక దానిని సృష్టింపలేదు. ఉన్న హక్కును ప్రజల భాషలోనికి తెచ్చినవి, అంతే. అధికారి దౌర్జన్యమునకు దిగినప్పుడు ఉత్తర్వు చూపి అడుగు ధైర్యము దానితో వచ్చినది.

ఆ సంఘము నుండి వెలసిన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను, 1936లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగరులో కొండా వెంకట రంగారెడ్డిగారి అధ్యక్షతను జరిగినది. ముగ్గురును న్యాయశాస్త్రము చదివినవారు. చదువుకొన్నవాడు చదువులేనివానికి కాగితము చదివి చెప్పుట దేశసేవయని వారు తలచినారు. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ పల్లెలలో చెలరేగిన రైతాంగ పోరాటములో ఋణపత్రములు మంటల పాలగుటయు ఈ ప్రాంతపు పెద్దలకు తెలిసిన చరిత్రయే. నాడు కాగితమును కాల్చవలసి వచ్చినది. నేడు కాల్చనక్కరలేదు, చదివి, జవాబు వ్రాయవలెను.

వెట్టి పోయినది. చదువని కాగితమునకు తలయొగ్గుట మాత్రము పోలేదు. నేటి వ్యవహారము నడచు తీరు చూడుడు. రోగి హైదరాబాదులోని దవాఖానాలో చేరును. బీమా ఉన్నది గనుక రొక్కము కట్టనక్కరలేదని అందురు. చికిత్స ముగిసి ఇంటికి పోవు దినమున బీమా సంస్థ కాదన్నదని కబురు వచ్చును. బిల్లు చెల్లింపనిదే రోగిని కదలనీయరను భయముతో కొడుకో అల్లుడో పరుగెత్తి నూటికి నెలకు 3 రూపాయల మిత్తికి అప్పు తెచ్చును. లేదా ఫైనాన్సు కంపెనీలో సంతకము చేయును. లేదా పుస్తెలతాడు కుదువబెట్టును. లక్ష రూపాయల అప్పునకు నెలకు 3,000 రూపాయల మిత్తి. ఏడాదికి 36,000. 34 నెలలు గడచునప్పటికి మిత్తియే అసలును మించిపోవును. అప్పటికిని అసలు కదలదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది.

అమెరికా దేశములో చెల్లని వైద్యపు బిల్లును దవాఖానావారు వసూలు కంపెనీకి అప్పగింతురు; ఆ కంపెనీ రోగిని వెంటాడును. ఇక్కడ దవాఖానా తన సొమ్ము ముందే తీసికొనును; వెంటాడువాడు అప్పిచ్చినవాడు. పేర్లు మారినవి, బాధ ఒక్కటే. ఐతే ఇక్కడ ఒక విశేష నష్టము కలదు. బిల్లు అప్పుగా మారగానే దాని పుట్టుక మరుగున పడును. వాకిట నిలిచి అడుగువానితో ఈ సొమ్ము బీమా సంస్థ చెల్లింపవలసినది అని చెప్పిన ప్రయోజనము లేదు. కనుక వివాదము అప్పు దగ్గర కాక, తిరస్కార పత్రము దగ్గరనే మొదలు కావలెను.

ఈ విషయమున పాలమూరునకు ఒక చరిత్ర కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును 2007 ఏప్రిల్ 1వ తేదీన మూడు జిల్లాలలో ప్రారంభించినది. ఆ మూడింటిలో మహబూబ్‌నగర్ ఒకటి, తక్కినవి అనంతపురము, శ్రీకాకుళము. అదే సంవత్సరము డిసెంబరులో నల్లగొండకును విస్తరించినది. కరవు వచ్చిన ఏట మూటాముల్లె కట్టుకొని వలసపోవు కూలీల జిల్లాలో, తెల్ల రేషను కార్డు చూపి గుండె శస్త్రచికిత్స చేయించుకొనవచ్చుననుట ఆనాడు నమ్మరాని మాట. మొదట కుటుంబమునకు ఏడాదికి 1,50,000 రూపాయలు, అవసరమును బట్టి మరి 50,000 పరిమితి. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో దానిని 10 లక్షలకు పెంచినది.

ఆరోగ్యశ్రీలోని ముఖ్య సూత్రము సొమ్ము పరిమితి కాదు. చికిత్సకు ముందే ట్రస్టు అనుమతి నిచ్చును. ఆపైన లెక్క ట్రస్టునకు, దవాఖానాకు నడుమ తేలవలసినది. అనుమతి వచ్చిన చికిత్సకు రోగి వద్ద సొమ్ము తీసికొనుట నిబంధనలకు విరుద్ధము. ఇద్దరు పెద్దల తగవులో మంచముపై ఉన్నవానిని మధ్యవర్తిగాను, హామీదారుగాను నిలుపరాదనుట దీనిలోని నీతి. ఈ నీతి ఆచరణలో పలుమార్లు భంగపడినది. ప్రభుత్వము బకాయిలు చెల్లింపలేదని ప్రైవేటు దవాఖానలు సేవలు నిలిపిన సందర్భములు 2025లోను కలిగినవి. జాబితాలో లేని జబ్బులు కలవు. పథకములో చేరని దవాఖానలు కలవు. ఉపాధ్యాయులకు వేరొక ఆరోగ్య పథకమున్నను, వైద్యపు ఖర్చుల తిరిగి చెల్లింపుకై దస్త్రము పంపి నెలల తరబడి ఎదురుచూచినవారు పెక్కు పాఠశాలలలో కనిపింతురు. ఐనను సూత్రము సూత్రమే. ప్రైవేటు బీమాలో ఆ సూత్రమునకు కూడ చోటు లేకపోవుటచేతనే రోగి ఒంటరియగుచున్నాడు.

ఇక బీమా సంస్థలు చూపు కారణములు పరిశీలింపదగినవి. అన్నిటికంటె తరచుగా వినవచ్చునది, రోగము పాలసీకి ముందే ఉన్నదనుట. చక్కెర వ్యాధి గలవానికి గుండెపోటు వచ్చిన, ఆ చక్కెర వ్యాధిని దాచినాడందురు. రెండవది, దవాఖానాలో చేరనవసరము లేకయే చేరినాడనుట. మూడవది, గది అద్దె పరిమితి మించినది గనుక బిల్లు మొత్తములో అదే పాళ్లలో కోత వేయుట. వీనిలో కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. ఏది ఏదో తెలియవలెనన్న పాలసీని చదువవలెను. 2024 ఏప్రిల్ నుండి అమలైన నిబంధనల ప్రకారము పూర్వవ్యాధి పేరిట గడువు 36 నెలలు మించరాదు. పాలసీ ఎడతెగక 60 నెలలు నడచిన పిమ్మట, మోసము ఋజువైననే తప్ప, రోగము చెప్పలేదను కారణముతో క్లెయిమును కాదనరాదు. ఆరేండ్లుగా ప్రీమియము కట్టుచున్నవానికి ఇట్టి ఉత్తరము వచ్చినచో అతడు వెంటనే చూడవలసినది మొదటి పాలసీ తేదీ.

ఈ సందర్భమున సుప్రీంకోర్టు తీర్పు ఒకటి జ్ఞాపకముంచుకొనదగినది. 2009లో ఒక ప్రయాణికుడు విదేశ ప్రయాణపు వైద్య బీమా తీసికొని అమెరికాకు పోయినాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయములోనే అతనికి చెమటలు పట్టి గుండె జబ్బు తోచినది. దవాఖానాలో చేర్చి రక్తనాళములలో స్టెంట్లు వేసినారు. బీమా సంస్థ బిల్లు చెల్లింపనన్నది. కొవ్వు తగ్గించు మందులు వాడుచున్న సంగతి దరఖాస్తులో వ్రాయలేదని దాని వాదము. కాని అతడు తనకు చక్కెర వ్యాధి ఉన్నదని ముందే చెప్పియున్నాడు. సంస్థ వైద్యపరీక్షల కాగితములు చూచియే పాలసీ ఇచ్చినది. జాతీయ వినియోగదారుల కమిషను అతని ఫిర్యాదును కొట్టివేసినది. అతడు వదలలేదు. 2021 డిసెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. ఆకస్మికముగా వచ్చు జబ్బునకే వైద్య బీమా తీసికొందురని, ఆరోగ్యస్థితి తెలిసి పాలసీ ఇచ్చిన సంస్థ పిదప ఆ స్థితినే సాకుగా చూపరాదని న్యాయమూర్తులు తేల్చినారు. కొడుకునో కూతునో చూచుటకు అమెరికా పోవు వృద్ధులు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణములలో నేడు తక్కువగా లేరు. వారి సంచిలో మందుల చీటీతో పాటు ఉండదగిన సంగతి ఇది.

దీనికి బీమా సంస్థల పక్షమున ఒక జవాబు కలదు; అది త్రోసివేయదగినది కాదు. బీమా నిధి పదిమంది ప్రీమియములతో కూడినది. దొంగ బిల్లులకు, దాచిన రోగములకు చెల్లించుచు పోయిన ఆ భారము నిజాయితీపరులపై పడును. సుప్రీంకోర్టే 2009లో మరియొక కేసులో, మూత్రపిండముల వ్యాధిని దాచి పాలసీ తీసికొనిన సందర్భమున, సంస్థ తిరస్కారమును సమర్థించినది. కనుక వివాదమనగా అబద్ధమాడుట కాదు. దరఖాస్తు నింపునాడే ఉన్న రోగమును ఉన్నట్లు వ్రాయించుట వివాదమునకు తొలి మెట్టు. తరచుగా ఏజెంటు తానే నింపి, చుక్క పెట్టినచోట సంతకము చేయుమనును, చేయువాడు చదువడు. నాటి వేలిముద్రకును ఈ సంతకమునకును భేదమేమి? సత్యము చెప్పినవానికి మాత్రము సంస్థ వాదమును ప్రశ్నించు హక్కు సంపూర్ణముగా కలదు. కొందరు మోసగాండ్రున్నారని అందరిని మోసగాండ్రుగా చూచుట న్యాయము కాదు.

ప్రశ్నించు మార్గము దుర్గమమైనదియు కాదు. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ చేసిన ఉత్తర్వు ప్రకారము, రొక్కము లేని చికిత్సకు అనుమతి కోరిన ఒక గంటలోగా జవాబు చెప్పవలెను. ఇంటికి పంపు వేళ 3 గంటలలోగా తుది అనుమతి తేల్చవలెను. ఆలస్యమువల్ల పెరిగిన ఖర్చును సంస్థయే భరింపవలెను. క్లెయిమును పూర్తిగా గాని కొంత గాని కాదనవలెనన్న సమీక్షా సంఘము ఆమోదము కావలెను. పాలసీలోని ఏ షరతును బట్టి కాదన్నారో తెలుపవలెను. కారణము చెప్పని తిరస్కారమునకు మొదటి జవాబు, కారణము వ్రాసి యిమ్మని అడుగుట.

తరువాత సంస్థలోని ఫిర్యాదుల అధికారికి ఉత్తరము వ్రాయవలెను. నెల రోజులలో జవాబు రాకున్నను, వచ్చినది సరిపడకున్నను, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. అక్కడ రుసుము లేదు, వకీలు లేడు. కావలసిన కాగితములన్నియు అందిన 3 నెలలలో నిర్ణయము చెప్పవలెనని నియమము; ఆ నిర్ణయమును బీమా సంస్థ 30 దినములలో పాటింపవలెను. అది కాక వినియోగదారుల కమిషనులు నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను కలవు. 2019 నాటి చట్టము వినియోగదారుడు తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయుటకు వీలు కల్పించినది. ఫిర్యాదునకు రెండేండ్ల గడువున్నది. దవాఖానా బిల్లు తప్పుగా తోచినను ఈ కమిషనుకు పోవచ్చును. ప్రైవేటు వైద్యసేవ వినియోగదారుల చట్టము పరిధిలోనిదని సుప్రీంకోర్టు 1995లోనే నిర్ణయించినది. బిల్లును పద్దులవారీగా అడిగి, ఏ మందు ఎన్నిమారులు వ్రాసినారో, ఏ పరీక్ష చేయకయే లెక్క కట్టినారో సరిచూచుకొనుట అవమానము కాదు. అంగడిలో ఉప్పు పప్పు కొని లెక్క చూచుకొనువాడు లక్షల బిల్లును చూడక కట్టుట మర్యాదయగునా?

ఇన్నియు చేయకమునుపే అప్పు మెడకు పడియున్నచో? అప్పుడును నోరు లేనివాడు కానక్కరలేదు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదని, బెదిరింపరాదని, బంధుమిత్రుల నడుమ అవమానింపరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టము చేసినది. బలాఢ్యులను పంపి అప్పు వసూలు చేయుట చట్టసమ్మతము కాదని సుప్రీంకోర్టు 2007లోనే హెచ్చరించినది. ఊరి వడ్డీ వ్యాపారి విషయమున ఫసలీ 1349 నాటి తెలంగాణ ప్రాంతపు చట్టము కలదు. లైసెన్సు లేక అప్పులిచ్చు వ్యాపారము చేయరాదని, సరియైన లెక్కలుంచవలెనని దాని శాసనము. అమెరికాలోనైతే 1977 నాటి చట్టమొకటి, వసూలు కంపెనీ నోటీసు అందిన 30 దినములలో ఋణస్థుడు ఈ అప్పు నాది కాదనియో, లెక్క తప్పనియో వ్రాసి పంపినచో, ఋజువు చూపువరకు వసూలు నిలిపివేయవలెనని నిర్దేశించుచున్నది. ఎక్కడ చూచినను చట్టము కోరునది ఒక్కటే: గడువులోగా వ్రాతపూర్వకమైన మాట. మౌనము అర్ధాంగీకారమను సామెత ఋణవ్యవహారములలో పూర్ణాంగీకారమై కూర్చుండును.

చట్టములింత ఉన్నను ఫలమేల తక్కువ? ఆంధ్ర జనసంఘము 1921 తరువాత కనిపెట్టిన లోపమే నేడును ఉన్నది. హక్కు ఉన్నది, అది ప్రజల భాషలో లేదు. దేశమునకంతటికిని బీమా నిబంధనలు చేయు సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. నల్లగొండ నుండి గాని, మహబూబ్‌నగర్ నుండి గాని హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. దూరము దారిలో లేదు, కాగితములో ఉన్నది. పాలసీ సారాంశమును తేలిక మాటలలో తెలుపు పత్రమును 2024 జనవరి నుండి ప్రతి పాలసీతోను ఇయ్యవలెనని, కోరినవారికి దానిని వారి ప్రాంతీయ భాషలో ఇయ్యవలెనని ఆ సంస్థయే ఆదేశించినది. కోరినవారికి మాత్రమే అను మాట గమనింపదగినది. తెలుగులో ఇమ్మని కోరువారెందరు? కోరవచ్చునని తెలిసినవారెందరు?

ఇచ్చట ఉపాధ్యాయుని కర్తవ్యము స్పష్టమగుచున్నది. పల్లెలో బ్యాంకు నోటీసు వచ్చినను, కోర్టు సమను వచ్చినను, బీమా ఉత్తరము వచ్చినను, చదివి చెప్పుమని జనులు పోవునది బడిపంతులు వద్దకే. చదివి చెప్పుటతో ఆ పని ముగియదు. జవాబు వ్రాయించుట వరకు పోవలెను. తెలుగు పాఠములో లేఖారచన ఉన్నది. సెలవుచీటి, మిత్రునికి లేఖ వ్రాయించుచున్నారు. ఆ తరగతిలోనే, తిరస్కరింపబడిన క్లెయిమును తిరిగి పరిశీలింపుమని కోరు అర్జీ యొకటి వ్రాయించినచో తప్పేమి? తేదీ, పాలసీ సంఖ్య, దవాఖానాలో చేరిన దినము, సంస్థ చూపిన కారణము, దానికి సమాధానము, జతపరచిన కాగితముల పట్టిక. ఈ ఆరు అంశములు క్రమముగా వ్రాయనేర్చిన విద్యార్థి పరీక్షలో మార్కులే కాక, తన యింటి పొలమును సైతము నిలుపుకొనగలడు. గణితములో మిత్తి లెక్కలు చేయించునప్పుడు 34 నెలల లెక్క చేయించవచ్చును. సాంఘిక శాస్త్రములో వినియోగదారుల హక్కుల పాఠమునకు జిల్లా కమిషను కచేరి ఎక్కడ ఉన్నదో చెప్పవచ్చును.

పాఠశాల పని పాఠములు చెప్పుట కాని, ఊరి తగవులు తీర్చుట కాదని కొందరనవచ్చును. ఉపాధ్యాయుడు తగవు తీర్చనక్కరలేదు. తగవు పెట్టుకొను హక్కు ఉన్నవాడు ఆ హక్కు ఉన్నదని ఎరుగునట్లు చేసిన చాలును. అర్జీ పెట్టిన ప్రతివాడును గెలువడు. కొందరి క్లెయిములు న్యాయముగనే తిరస్కరింపబడి యుండును. కాని న్యాయముగ ఓడుట వేరు, అడుగకయే ఓడుట వేరు. మొదటిది ఎవనికైనను కలుగు నష్టము. రెండవది చదువువలన తొలగవలసిన నష్టము. వందయేండ్ల క్రిందట ఉత్తర్వులను తెలుగు చేసి పంచినవారు తమ కాలపు పని చేసిపోయినారు. ఈ కాలపు పని ఇంకను మిగిలియే ఉన్నది.